జీతం ఆగిన నెలలో ఇంటి వంట: ఉలవలు, సంగటి, ఆకుకూరలతో కడుపు నిండా తినే పద్ధతి

"అక్కా, చేతిలో డబ్బులు ఆడడం లేదు. పప్పు తగ్గించాలా, నూనె తగ్గించాలా, ఏమీ తోచడం లేదు" అని ఈ మధ్య మా వీధిలో ఇద్దరు ముగ్గురు అడిగారు. సంగటి చేస్తే ఉండలు కడుతోందని కొందరు, ఉలవలు ఎంతసేపు ఉడికించినా గట్టిగానే ఉంటున్నాయని ఇంకొందరు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే మేలనిపించింది.

మాది చిత్తూరు జిల్లాలో పలమనేరు వైపు పల్లె. పెళ్లయ్యాక తిరుపతికి వచ్చాం. 2020 లాక్‌డౌన్‌లో మా ఆయన పనిచేసే చోట మూడు నెలలు సగం జీతమే ఇచ్చారు. ఆ మూడు నెలలూ మా నలుగురినీ నిలబెట్టింది మా అమ్మ చేసిన వంటలే. తక్కువ వండితే డబ్బు మిగులుతుందని మొదట్లో నేనూ అనుకున్నాను. ఒక పూట పొయ్యి మీద పెట్టింది రెండో పూటకూ మూడో పూటకూ పనికొచ్చేలా వరస పెట్టుకున్నాకే నిజంగా మిగిలింది. అందుకే ఇక్కడ ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ఎక్కువ రాస్తున్నాను.

కొలతలన్నీ ఇద్దరు పెద్దలు, ఇద్దరు బడి పిల్లలున్న ఇంటికి. గ్లాసంటే 200 మిల్లీలీటర్లు పట్టే స్టీలు గ్లాసు. ఇంట్లో బరువు పని చేసేవాళ్లుంటే వాళ్ల వంతు ఒకటిన్నర రెట్లు వేసుకోండి. ధరలు వారం వారం మారుతుంటాయి కాబట్టి అవి రాయడం లేదు.

1. మొదట డబ్బాలన్నీ కిందికి దించండి

అంగడికి పోయే ముందు అరల్లో ఉన్న డబ్బాలన్నీ దించి చూడండి. అడుగున మిగిలిన పెసలు, అలసందలు, సగం ప్యాకెట్టు సేమ్యా, ఎప్పుడో తెచ్చిన బెల్లం, అన్నీ బయటికొస్తాయి. వాటిని ఒక కాగితం మీద రాసుకోండి. మొదటి నాలుగు రోజులు వాటితోనే వండండి.

పురుగు పట్టినట్టు కనిపిస్తే పారేయకండి. గింజలైతే చెరిగి, ఎండలో ఒక పూట ఆరబెడితే బాగుపడతాయి. బూజు వాసన వస్తే మాత్రం ఆశపడొద్దు, పారేయండి. ముఖ్యంగా వేరుశనగ విత్తనాలు. నల్లబడినవి, ముడుచుకుపోయినవి, బూజు పట్టినవి ఏరి పారేయాల్సిందే. ఆ బూజులో ఉండే విషం వేయించినా పూర్తిగా పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

2. పదిహేను రోజుల సరుకు

నెలకు ఒకేసారి తెస్తే చేతిలో డబ్బంతా మొదటి వారంలోనే అయిపోతుంది. రోజూ చిల్లరగా తెస్తే చిన్న ప్యాకెట్లకు ఎక్కువ పెట్టాలి. నాకు పదిహేను రోజుల లెక్క బాగా కుదిరింది.

- బియ్యం: 14 నుంచి 15 కిలోలు
- రాగులు: 4 కిలోలు
- ఉలవలు: 2 కిలోలు
- కందిపప్పు: ఒకటిన్నర కిలో
- వేరుశనగ విత్తనాలు: ఒకటిన్నర కిలో
- నూనె: ఒకటిన్నర లీటరు
- బెల్లం: 1 కిలో
- చింతపండు: 300 గ్రాములు
- ఎండుమిర్చి: 200 గ్రాములు
- ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు): 3 కిలోలు, తెల్లగడ్డలు (వెల్లుల్లి): 150 గ్రాములు
- అయోడిన్ ఉప్పు, పసుపు, జీలకర్ర, ఆవాలు, మిరియాలు

ఆకుకూరలు, టమాటా, వంకాయలు మాత్రం వారానికి రెండుసార్లు తెచ్చుకోండి. రైతు బజారుకు పొద్దున్నే పోతే నిగనిగలాడేవి దొరుకుతాయి, సాయంత్రం పోతే కొంచెం వాడినవి తక్కువకే వస్తాయి. పుల్లగూరకు, అంటే ఆకులు ఉడికించి ఎనిపే కూరకు, వాడినవి చాలు. మురిగినవి వద్దు.

రేషన్ బియ్యం మనిషికి 5 కిలోల చొప్పున నలుగురికి 20 కిలోలు వస్తాయి. అవి తినడానికి బాగుండవని అమ్మేసేవాళ్లున్నారు. చేతిలో డబ్బులు లేని నెలలో ఆ తప్పు చేయకండి. అరగంట నానబెట్టి, ఎసరు ఎక్కువ పెట్టి, గంజి వార్చి వండితే అన్నం మెత్తగా వస్తుంది. ఆ గంజిలో ఉప్పు, మజ్జిగ కలిపితే పిల్లలు గ్లాసుడు తాగుతారు. బియ్యంలో అక్కడక్కడా రంగు తేడాగా ఉండే గింజలు కనిపిస్తే ప్లాస్టిక్ అనుకుని ఏరేయకండి. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు. కడిగేటప్పుడు పైకి తేలినా పారబోయొద్దు. బియ్యానికి బదులు రాగులు ఇచ్చే నెలల్లో రాగులు తప్పకుండా తీసుకోండి, సంగటికి అవే చాలు.

3. రాగులు పిండి ఆడించే ముందు

అంగట్లో దొరికే రాగిపిండి కంటే రాగులు కొని ఆడించుకుంటే చౌక, రుచి కూడా.

రాగుల్లో ఇసుక ఎక్కువ. వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి, చేత్తో తిప్పి, తేలిన పొట్టు వంచేయండి. తర్వాత రాగులను కొంచెం కొంచెంగా ఇంకో గిన్నెలోకి పోస్తూ పోతే ఇసుక అడుగునే నిలిచిపోతుంది. ఇలా మూడుసార్లు చేయాలి. గుడ్డ మీద పరిచి నీడలో ఆరబెట్టి, చివర్లో గంటసేపు ఎండలో పెట్టండి. గింజ కొరికితే పటుక్కున విరగాలి. తేమ ఉండగా ఆడిస్తే పిండి వారానికే ముక్కిపోతుంది.

ఒకసారి రెండు కిలోలకు మించి ఆడించకండి. మిషన్ దగ్గర మీ ముందు ఎవరో మిరపకాయలు ఆడించి ఉంటే వాళ్ల తర్వాత మీ రాగులు పోయించొద్దు. పిండి తెచ్చాక చల్లారేదాకా డబ్బా మూత పెట్టకండి. జల్లెడ పట్టి పొట్టు తీసేయడం కూడా వద్దు, బలమంతా అందులోనే ఉంటుంది.

4. ఉలవలు: ఒకసారి ఉడికిస్తే మూడు వంటలు

ఈ పద్ధతిలో ఎక్కువ డబ్బు మిగిలేది ఇక్కడే. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ముందురోజు రాత్రి రెండు గ్లాసుల ఉలవలు తీసుకోండి, అంటే సుమారు 330 గ్రాములు. పళ్లెంలో పరిచి రాళ్లు ఏరండి. ఉలవ రంగులోనే చిన్న రాళ్లుంటాయి, లైటు కింద ఏరాలి. మూడు నాలుగు నీళ్లలో కడిగి, నిండా నీళ్లు పోసి పది పన్నెండు గంటలు నానబెట్టండి.

పొద్దున ఆ నీళ్లు పారబోసి, మంచి నీళ్లు ఎనిమిది గ్లాసులు పోసి కుక్కర్లో పెట్టండి. కుక్కరు 5 లీటర్లదై ఉండాలి. గింజలూ నీళ్లూ కలిపి సగానికి మించకూడదు. మొదటి విజిల్ వచ్చాక మంట బాగా తగ్గించి 25 నిమిషాలు ఉంచి ఆపేయండి. ఆవిరి దానంతటదే పోవాలి. గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలగాలి. గట్టిగా ఉంటే ఇంకో పది నిమిషాలు పెట్టండి.

చిల్లుల గిన్నెలో వంచి, నీళ్లను వేరే గిన్నెలోకి పట్టండి. దాన్నే మేం కట్టు అంటాం. ఐదు గ్లాసుల దాకా వస్తుంది, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. తిరుపతిలో కాపురం పెట్టిన కొత్తలో నేను దీన్ని సింకులో పోస్తుంటే, చూడడానికొచ్చిన మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "కట్టు పారబోస్తావా మే? సగం తిండి దాంట్లోనే కదా పోయేది" అంది. అప్పటికే ఒక గ్లాసు పోయింది. మిగిలినదానితో అమ్మ ఆ పూట చారు పెట్టింది.

*మొదటి వంట, కట్టు చారు.* కోస్తా వైపు చిక్కగా మరిగించి మీగడ వేసుకునే ఉలవచారు వేరు, ఇది వేరు. ఇది పల్చగా ఉంటుంది, సంగటి ముంచుకుని తినడానికి. ఉడికిన ఉలవలు రెండు పిడికిళ్లు, ఆరు తెల్లగడ్డ పాయలు, చెంచా జీలకర్ర, అర చెంచా మిరియాలు, రెండు ఎండుమిరపకాయలు కలిపి రుబ్బండి. కట్టులో ఆ ముద్ద, నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, పసుపు వేసి పది నిమిషాలు మరగనివ్వండి. చెంచా నూనెతో ఆవాలు, కరివేపాకు తిరగమాత పెడితే చాలు. ఇందులోంచి గ్లాసుడు చారు రాత్రికి ఉంచుకోవచ్చు.

*రెండో వంట, గుగ్గిళ్లు.* మిగిలిన గింజల్లో సగం తీసి, చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, దంచిన తెల్లగడ్డ వేసి, ఉప్పు చల్లి ఐదు నిమిషాలు తిప్పండి. పిల్లలు బడి నుంచి రాగానే ఇవి పెట్టండి. పైన నిమ్మరసం పిండితే గింజల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. బిస్కెట్ ప్యాకెట్లకయ్యే ఖర్చు ఇక్కడ మిగులుతుంది.

*మూడో వంట, వంకాయ ఉలవల పులుసు.* మిగతా సగం మరుసటి రోజుకు. పావు కిలో వంకాయలు, రెండు ఎర్రగడ్డలు, రెండు టమాటాలు మగ్గించి, ఉలవలు, కారం, చింతపండు పులుసు వేసి దగ్గర పడేదాకా ఉడికించండి. అన్నంలోకీ సంగటిలోకీ బాగుంటుంది. గింజలను రాత్రంతా బయట ఉంచొద్దు. ఫ్రిజ్ లేకపోతే ఈ పులుసు అదే సాయంత్రం చేసి, రాత్రే తినేయండి.

ఉలవలు ఉడకకపోతే

- మొదట చింతపండు, టమాటా వేసి ఉంటారు. పులుపు తగిలితే గింజ మెత్తబడదు. గింజ ఉడికాకే పులుపు.
- బోరు నీళ్లతో ఉడికించి ఉంటారు. మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పుగా, గట్టిగా ఉంటాయి. తాగే నీళ్లే వాడండి.
- గింజ పాతది. ఇంకో నాలుగు గంటలు ఎక్కువ నానబెట్టండి.
- వంట సోడా వేస్తే తొందరగా ఉడుకుతుంది కానీ గింజల్లోని బి విటమిన్లు కొంత పోతాయి. వద్దు.

ఉలవలు ఎప్పుడూ తినని ఇంట్లో మొదటి వారం ఒకసారే చేయండి, కొంచెం కొంచెంగా పెట్టండి. ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపు ఉబ్బరిస్తుంది.

5. సంగటి, ఉండలు కట్టకుండా

కావాల్సినవి: నూకలు ఒక గ్లాసు, రాగిపిండి రెండు గ్లాసులు, నీళ్లు ఏడు గ్లాసులు, ఉప్పు. నూకలు లేకపోతే రేషన్ బియ్యాన్నే అరగంట నానబెట్టి వాడండి. అడుగు మందంగా ఉన్న గిన్నె, గట్టి సంగటి కట్టె ఉండాలి. గరిటెతో చేస్తే గరిటె వంగుతుంది, సంగటి కలవదు.

1. నూకలు కడిగి, ఆరు గ్లాసుల నీళ్లలో ఉప్పు వేసి ఉడికించండి. ఏడో గ్లాసు నీళ్లు పక్క పొయ్యి మీద వేడిగా ఉంచుకోండి.

2. నూకలు బాగా మెత్తబడి జావలా కావాలి, అయినా పైన నీళ్లు తేలుతూ ఉండాలి. మెతుకు గట్టిగా ఉండగా పిండి పోస్తే ఆ మెతుకు ఇక ఉడకదు.

3. మంట సన్నం చేసి, రాగిపిండి మొత్తం మధ్యలో గుట్టగా పోయండి. ఇక్కడ చెయ్యి ఊరుకోదు, కలపాలనిపిస్తుంది. కలపొద్దు. మా అమ్మ పక్కనే నిలబడి "కదపొద్దు మే, అదే ఉడుకుతుంది" అంటూ ఉండేది. ఉండలు కట్టడానికి పదిలో తొమ్మిదిసార్లు కారణం ఇప్పుడు కలపడమే.

4. కట్టె వెనక వైపుతో గుట్ట మధ్యలో అడుగుదాకా రెండు మూడు బొక్కలు పెట్టండి. ఎసరు ఆ బొక్కల్లోంచి పైకి ఉబికి పిండిని తడుపుతుంది. మూత పెట్టి సన్న మంట మీద పది నిమిషాలు వదిలేయండి.

5. మూత తీస్తే పిండి రంగు మారి ముదురుగా కనిపించాలి, పచ్చివాసన పోయి ఉడికిన వాసన రావాలి. గిన్నె దించి కింద పెట్టి, పాత గుడ్డతో గట్టిగా పట్టుకోండి. కట్టెను గిన్నె అంచుకు ఆనించి, అడుగు నుంచి పైకి లాగుతూ గెలకండి. గుండ్రంగా తిప్పితే ఉండలు పక్కకు జరుగుతాయే గానీ చితకవు, అంచుకేసి నొక్కుతూ లాగాలి. మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, చెయ్యి నొప్పి పుడుతుంది.

6. గట్టిగా అనిపిస్తే పక్కన ఉంచిన వేడి నీళ్లు కొంచెం చల్లండి. చల్ల నీళ్లు పోస్తే సంగటి విరిగినట్టయి రుచి పోతుంది.

7. మళ్లీ పొయ్యి మీద పెట్టి, మూత వేసి ఐదు నిమిషాలు మగ్గనివ్వండి. తడి వేలితో తాకితే అంటకూడదు. అంటితే ఇంకో రెండు నిమిషాలు.

8. పళ్లెంలో నీళ్లు చల్లి, తడి చేతులతో వేడి మీదే ముద్దలు చేయండి. పెద్దవాళ్లకు పెద్దవి, పిల్లలకు చిన్నవి, మొత్తం ఆరేడు ముద్దలొస్తాయి.

*తప్పు జరిగితే.* ఉండలు కట్టిందా, వేడి నీళ్లు చల్లి, మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ అంచుకేసి గెలకండి. సగం ఉండలు పోతాయి. మిగిలిన ముద్దను అంబలికి వాడండి, పారేయొద్దు. జారుగా అయ్యిందా, ఇప్పుడు పొడి పిండి పోయకండి, అది పచ్చిగానే ఉండిపోతుంది. మూత తీసి సన్న మంట మీద ఉంచితే చిక్కబడుతుంది. చేదుగా ఉందా, పిండి పాతబడింది. మిగతా పిండిని వాసన చూడండి.

100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. పాలు తగ్గించాల్సి వచ్చిన నెలలో పిల్లలకు రాగులు ఏదో రూపంలో రోజూ పెట్టడానికి కారణం అదే. ముద్ద మింగలేని పిల్లలకు బెల్లం వేసి జావ కాచి ఇవ్వండి, లేదా ఇడ్లీ పిండిలో రెండు గరిటెల రాగిపిండి కలిపి దోసె పోయండి.

6. ఊరుబిండి

కూర లేని పూట సంగటికి తోడు ఇదే. తిరగమాత అక్కర్లేదు కాబట్టి నూనె ఖర్చు లేదు.

ఒక గ్లాసు వేరుశనగ విత్తనాలను సన్న మంట మీద వేయించండి. మంట పెద్దది చేస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. ఎనిమిది ఎండుమిరపకాయలు వేడి చేసి, ఉప్పు, చిన్న నిమ్మకాయంత చింతపండుతో ముందు రుబ్బండి. తర్వాత విత్తనాలు, ఐదు తెల్లగడ్డ పాయలు వేసి బరకగా తిప్పండి. చివర్లో ఒక ఎర్రగడ్డ వేసి రెండుసార్లు మాత్రమే తిప్పి ఆపేయండి. ఎర్రగడ్డ ముక్కలు పంటికి తగలాలి. రోలుంటే రోట్లోనే చేయండి, మిక్సీలో మెత్తగా అయిపోతే అది మామూలు చట్నీ అవుతుంది.

ఎర్రగడ్డ, నీళ్లు పడితే ఒక్క రోజే నిలుస్తుంది. అవి లేకుండా, చింతపండును కూడా వేయించి పొడి కొట్టి పెట్టుకుంటే రెండు వారాలుంటుంది. అప్పుడు వేడి అన్నంలోకీ పనికొస్తుంది.

7. పుల్లగూర

రెండు మూడు రకాల ఆకులు కలిస్తేనే రుచి. తోటకూర, చిర్రాకు, చెంచలాకు, గురుగాకు, కొంచెం మునగాకు. పొలం గట్ల మీద కోసుకునేవాళ్లు గుర్తుపట్టగలిగిన ఆకే కోయండి. కొత్తగా మందు కొట్టిన చేనులోనూ, మురికి కాలువ పక్కనా వద్దు. పట్నంలో మునగచెట్టున్న ఇంటివాళ్లను అడిగితే ఎవరూ కాదనరు.

ఆకులను పెద్ద బేసిన్‌లో ముంచి, చేత్తో పైకి తీసి, నీళ్లు మార్చండి. నీళ్లతో పాటు ఆకులు వంచేస్తే అడుగున దిగిన మట్టి మళ్లీ ఆకుల మీదికే వస్తుంది. మూడు నీళ్లు కావాలి. కడిగాకే తరగండి.

మూడు కట్టల ఆకులకు ఆరు పచ్చిమిరపకాయలు, ఒక ఎర్రగడ్డ, రెండు టమాటాలు, అర గ్లాసు నీళ్లు. మూత పెట్టి పది పన్నెండు నిమిషాలు ఉడికించి, నీళ్లు వేరే గిన్నెలోకి వంచుకోండి. ఉప్పు, కొంచెం చింతపండు వేసి పప్పుగుత్తితో మెత్తగా ఎనపండి. వంచిన నీళ్లు మళ్లీ అందులోనే పోసి కలపండి. ముందే వంచకపోతే ఆకు గుత్తికి చిక్కకుండా జారిపోతుంది. దంచిన తెల్లగడ్డతో తిరగమాత పెడితే అయిపోయినట్టే. ఇంకొంచెం బలంగా ఉండాలంటే పిడికెడు కందిపప్పు వేరుగా ఉడికించి కలపండి.

8. మిగిలిన సంగటి, మిగిలిన అన్నం

రాత్రి మిగిలిన ముద్దను చల్లారగానే మట్టికుండలో వేసి, మునిగేదాకా కాచి చల్లార్చిన నీళ్లు పోసి మూత పెట్టండి. పొద్దున చేత్తో పిసికి, మజ్జిగ, ఉప్పు కలిపితే అంబలి. పక్కన ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ ఉంటే చాలు. అన్నం మిగిలినా ఇదే పద్ధతి, దాన్నే సద్ది అంటాం.

గంటల తరబడి వేడి గిన్నెలోనే మూతపెట్టి వదిలేసిన అన్నాన్ని మాత్రం సద్దికి వాడకండి. వండిన గంట, గంటన్నరలోపే నీళ్లలో వేయాలి. పొద్దున సన్నటి పులుపు వాసన రావచ్చు. జిగట, తీగలు సాగడం, చెడు వాసన ఉంటే పారేయండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు రాత్రిపూట కూడా పాడవుతుంది, అప్పుడు కుండను తడి గుడ్డ చుట్టి గాలి తగిలేచోట పెట్టండి. ఏడాది లోపు పిల్లలకు, నీరసంగా ఉన్న పెద్దవాళ్లకు సద్ది వద్దు, వేడి జావే ఇవ్వండి.

9. చౌకగా ఉన్నప్పుడు ఒరుగులు

మదనపల్లె మార్కెట్లో టమాటా ధర పడిపోయిన వారం తిరుపతిలోనూ బుట్టలకు బుట్టలు చౌకగా దిగుతాయి. అప్పుడు ఐదు కిలోలు తెచ్చి, కాయను నాలుగు ముక్కలు చేసి, ఉప్పు పట్టించి, పల్చటి గుడ్డ కప్పి ఎండబెట్టండి. నాలుగైదు ఎండలకు పెళుసుగా విరుగుతాయి. వంగితే ఇంకా తేమ ఉన్నట్టు, డబ్బాలో పెట్టొద్దు. మటిక్కాయలను (గోరుచిక్కుడు) చిదిపి అలాగే ఎండబెట్టుకోవచ్చు.

ఏప్రిల్, మేలో గాలివానకు రాలిన మామిడికాయలు మా జిల్లాలో అడిగితే ఊరికే ఇస్తారు. ముక్కలు కోసి, ఉప్పు పసుపు కలిపి ఎండబెడితే ఏడాదంతా పప్పులోకి చింతపండు ఖర్చు తగ్గుతుంది. చలికాలంలో అనపకాయలు వస్తాయి, అంటే చిక్కుడు జాతి కాయలు, సొరకాయ కాదు. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు పితికి వండుకుంటే ఆ వారం కందిపప్పు ముట్టుకోనక్కర్లేదు.

10. ఒక వారం వరస

అచ్చం ఇలాగే చేయాలని కాదు. ఏ పని ఏ రాత్రి పెట్టుకోవాలో చూడండి.

- ఆదివారం రాత్రి: ఉలవలు నానబెట్టాలి.
- సోమవారం: మధ్యాహ్నం సంగటి, కట్టు చారు. సాయంత్రం గుగ్గిళ్లు. రాత్రి అన్నం, మిగిలిన చారు.
- మంగళవారం: పొద్దున అంబలి. మధ్యాహ్నం అన్నం, వంకాయ ఉలవల పులుసు. రాత్రి సంగటి, ఊరుబిండి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఈ పులుసు సోమవారం రాత్రికి వస్తుంది, మంగళవారం మధ్యాహ్నానికి పప్పు చేసుకోండి.
- బుధవారం: అన్నం, మునగాకు పప్పు. రాత్రికి ఇడ్లీ పిండి రుబ్బాలి. ఉలవలు మళ్లీ నానబెట్టాలి.
- గురువారం: పొద్దున ఇడ్లీ. మధ్యాహ్నం సంగటి, కట్టు చారు.
- శుక్రవారం: రాగి దోసె. మధ్యాహ్నం అన్నం, పుల్లగూర, గంజి మజ్జిగ.
- శనివారం: రాత్రి సంగటి, పుల్లగూర.
- ఆదివారం: గుడ్ల పులుసు, అన్నం.

గ్యాసు విషయం కూడా ఈ వరసలోనే ఉంది. ఉలవలు ఉడికే కుక్కరు దించగానే అదే పొయ్యి మీద సంగటి ఎసరు పెట్టండి. నానబెట్టకుండా వండే పప్పు, మూత లేని గిన్నె, ఈ రెండూ సిలిండర్‌ను తొందరగా ఖాళీ చేస్తాయి.

మధ్యాహ్నం బయట పనిలో ఉండేవాళ్లు కట్టుకెళ్లడానికి వీలు కాకపోతే హోటల్‌కు పోకుండా దగ్గర్లో అన్న క్యాంటీన్ ఉందేమో చూసుకోండి, భోజనం 5 రూపాయలే.

11. వీటిలో మాత్రం కోత వద్దు

డబ్బులు లేనప్పుడు ఇంట్లో అమ్మలు మొదట తమ కంచంలోంచే తీసేస్తారు. మా అమ్మ అందరికీ పెట్టాక మిగిలింది తినేది. చాలాసార్లు మిగిలేది కాదు. నేను మాత్రం ముద్దలన్నీ ఒకేసారి చేసి, నా ముద్ద నా కంచంలో పెట్టాకే వడ్డిస్తాను. మీరూ అలాగే చేయండి.

- పిల్లలకు వారానికి మూడు నాలుగు గుడ్లు. సర్కారు బడిలో చదివే పిల్లలకు మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ ఇస్తారు. ఈ రోజు ఏం పెట్టారో సాయంత్రం అడిగి, దాన్ని బట్టి రాత్రికి వండండి.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఆరేళ్ల లోపు పిల్లలు ఉంటే అంగన్‌వాడీలో పేరు రాయించండి. మొహమాటపడొద్దు.
- పిల్లల జావలో, అన్నంలో చెంచా నూనె లేదా నెయ్యి ఉండాలి. చిన్న కడుపులో ఎక్కువ పట్టదు, కొవ్వు లేకపోతే బలం చాలదు.
- ఉప్పు విడిగా అమ్మే రాళ్లుప్పు చౌకే కానీ అయోడిన్ ఉన్న ప్యాకెట్ ఉప్పే వాడండి.
- షుగరు ఉన్నవాళ్లకు సంగటి మంచిదని రెండు ముద్దలు పెట్టేస్తుంటారు. ఒక ముద్ద, దాంతో పాటు పుల్లగూర గానీ ఉలవలు గానీ ఎక్కువ పెట్టండి.
- కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు తోటకూర, పాలకూర రోజూ తినే ముందు డాక్టర్‌ను అడగాలి.

ఈ రాత్రి మొదలుపెట్టాలనుకుంటే చేయాల్సిన పని ఒక్కటే: రెండు గ్లాసుల ఉలవలు పళ్లెంలో పోసి, లైటు కింద కూర్చుని రాళ్లు ఏరి నానబెట్టండి.